మాత్రలు మింగినా రక్తం ఎక్కకపోతే తప్పు తల్లిదేనా?

మిరప కోతల రోజుల్లో కారంపూడి మండలంలో తెల్లారకముందే ఆటోలు, ట్రాక్టర్ ట్రక్కులు కూలీలతో కిక్కిరిసి పోతాయి. ఆ ట్రక్కుల్లో అయిదో నెల, ఏడో నెల గర్భిణులు కూడా ఉంటారు. ఇది మనకు కొత్త దృశ్యం కాదు. ఇల్లు గడవాలి, కోతలు అయిపోతే మళ్ళీ పని ఎప్పుడో తెలియదు. నెలకోసారి పని మానుకుని ఆసుపత్రికి పోతే వేలి మీద సూదితో పొడిచి రక్తం చూస్తారు. "ఎనిమిదే ఉంది. మాత్రలు మింగుతున్నావా, పారేస్తున్నావా?" అని అడుగుతారు. "మింగుతున్నానమ్మా, ఎక్కట్లేదు" అంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఇంకో అట్ట మాత్రలు చేతిలో పెట్టి పంపిస్తారు.

మాత్రలు పారేసేవాళ్ళు లేరని మేము అనడం లేదు. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం వస్తుంది. ఖాళీ కడుపుతో ఎండలో వంగి పనిచేసే మనిషి ఆ మాత్రకు భయపడటంలో ఆశ్చర్యం లేదు. కానీ క్రమం తప్పకుండా మింగినా రక్తం పెరగనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ సంగతే ఈ వారం రాయదలిచాం.

మా సంఘంలో పనిచేసే ఒక చెల్లెలి కథ చెప్తాం. ఊరూ పేరూ అవసరం లేదు, ఒక తండా అనుకోండి. మొదటి కాన్పు నుంచీ ఆమెకు రక్తం తక్కువే. రెండో కాన్పులో నాలుగైదు సార్లు రక్తం తీశారు. ప్రతిసారీ అదే చీవాట్లు, అవే మాత్రలు. చివర్లో సూది మందు కూడా ఎక్కించారు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంది. ఆరేడు నెలలు వచ్చేసరికి పాలిపోయి, పొట్ట ఉబ్బి, పాలు తాగడం మానేసింది. మిర్చి మీద ముందుగానే అప్పు తెచ్చి పట్నంలో మూడు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగారు. మూడో చోట తేలింది, బిడ్డకు తలసీమియా అని. తల్లికీ తండ్రికీ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ ఆ జబ్బు లక్షణం దాగి ఉంది. గర్భంతో ఉన్నప్పుడు అన్నిసార్లు రక్తం తీసిన వాళ్ళలో ఒక్కరికైనా, మాత్రలు పనిచేయడం లేదేమిటన్న అనుమానం రాలేదు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ చెల్లెలు మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు మేము చేసిందేమిటి? అంగన్‌వాడీలో గుడ్లు సరిగా ఇవ్వడం లేదని నిలదీశాం. అది చేయాల్సిన పనే, మళ్ళీ చేస్తాం కూడా. కానీ రక్తం తక్కువ అనగానే తిండి తక్కువ అని, అంతకుమించి కారణం ఉండదని మేమూ అనుకున్నాం. ఆమెకు ఆసుపత్రి చెప్పిందీ, మేము చెప్పిందీ దాదాపు ఒకటే అయింది.

తిండి తక్కువ అనే మాట అబద్ధమేమీ కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది, గర్భిణులలో 52 శాతం మంది రక్తహీనులు. మన రాష్ట్రంలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. వీళ్ళలో అత్యధికులకు కారణం ఇనుము చాలకపోవడమే. పచ్చడి మెతుకులు తిని పదిగంటలు పనిచేయడం, ఏడాది తిరక్కుండా మళ్ళీ గర్భం, వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళకు పట్టే కొంకి పురుగులు, ఇవన్నీ రక్తాన్ని తినేస్తాయి. కాబట్టి రేపు ఎవరైనా అధికారి "మీ జాతి రక్తంలోనే లోపం ఉంది, మేమేం చేస్తాం" అని తప్పించుకోజూస్తే ఒప్పుకునేది లేదు. వంశపారంపర్య జబ్బు పేరు చెప్పి ఆకలిని దాచడం ఎంత మోసమో, ఆకలి పేరు చెప్పి ఆ జబ్బును వెతకకపోవడం అంతే మోసం.

ఇది మేము కల్పించిన మాట కాదు. కేంద్ర ప్రభుత్వమే 2018లో రక్తహీనత నిర్మూలన కోసం 'అనీమియా ముక్త్ భారత్' కార్యక్రమం మొదలుపెట్టింది. తిండితో సంబంధం లేని కారణాలు కూడా వెతకాలని అందులో రాసుకున్నారు. మలేరియా, వంశపారంపర్య రక్త వ్యాధులు, ఫ్లోరోసిస్ అని మూడింటిని పేరుపెట్టి మరీ చెప్పారు. ఫ్లోరోసిస్ అంటే పల్నాడు వాళ్ళకు వేరే చెప్పాలా? మన పక్కనే ఉన్న పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే డాక్టర్లు ప్రపంచానికి చెప్పారు. బోరు నీళ్ళు తాగి గారపళ్ళు, వంకర కాళ్ళు తెచ్చుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. ఫ్లోరైడ్ పేగుల లోపలి పొరను దెబ్బతీసి, తిన్న ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుందని ఆ కార్యక్రమం రాసినవాళ్ళకు తెలుసు. కాగితం మీద మూడు కారణాలూ ఉన్నాయి. ఏఎన్ఎం అమ్మ సంచిలో ఉన్నది మాత్రం ఎర్ర మాత్రల అట్టలే. ఆ అమ్మను తిట్టి లాభం లేదు. ఆమెకు ఇచ్చిన సాధనం వేలి చుక్కతో రక్తం ఎంతుందో మాత్రమే చెప్తుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు.

ఇక ఈ వంశపారంపర్య జబ్బులేమిటో తెలుసుకుందాం. మన రక్తానికి ఎర్ర రంగునిచ్చేది హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల్లోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయే కూలీ అదే. అది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఇనుముతోపాటు దాన్ని ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువు కూడా సరిగా ఉండాలి. ఇనుము లేకపోతే మాత్రలిస్తే సరిపోతుంది. జన్యువులోనే తేడా ఉంటే ఎన్ని మాత్రలు పోసినా ఆ తేడా పోదు. తలసీమియాలో హిమోగ్లోబిన్ చాలినంత తయారవదు. రెండోది సికిల్ సెల్ జబ్బు. ఇందులో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలాగా వంగిపోతుంది. కొడవలి మనకు జెండా మీదా ఉంది, చేతిలోనూ ఉంది, దాని వంపు ఎలా ఉంటుందో వివరించనక్కర్లేదు. ఆ వంపు తిరిగిన కణాలు సన్నటి నరాల్లో ఇరుక్కుని, రక్తం పారకుండా అడ్డుపడి భరించలేని నొప్పులు తెస్తాయి. ఎండలో దాహంతో పనిచేసినా, బాగా చలి పెట్టినా ఆ నొప్పులు ముదురుతాయి.

జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటే తేడాగా ఉంటే ఆ మనిషిని వాహకులు అంటారు. వాళ్ళు మామూలుగానే బతుకుతారు, పొలం పనీ చేస్తారు. కొంచెం రక్తం తక్కువగా ఉండటం తప్ప చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు పూర్తి జబ్బు రావడానికి నూటికి 25 పాళ్ళు, బిడ్డ వాహకం కావడానికి 50 పాళ్ళు, ఏమీ లేకుండా పుట్టడానికి 25 పాళ్ళు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డ బాగా పుట్టినంత మాత్రాన రెండో బిడ్డకు భయం లేదని కాదు, ఏ కాన్పు లెక్క ఆ కాన్పుదే. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు తలసీమియా వాహకులని, ఏటా 10 వేల నుంచి 12 వేల మంది పిల్లలు ఆ జబ్బుతో పుడుతున్నారని ప్రభుత్వ అంచనా.

పరీక్ష గురించి అడిగితే "అదంతా పెద్ద పట్నాల్లో ఖర్చుతో చేసే పని" అంటారు. సగం మాత్రమే నిజం. సీబీపీ అనే రక్త పరీక్ష చేయించుకుంటే చేతికి వచ్చే కాగితంలోనే మొదటి అనుమానం దొరుకుతుంది. అందులో హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే కాదు, ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ, ఎర్రకణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే ఆర్‌బీసీ అంకెలు కూడా ఉంటాయి. ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించండి. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వాహకులేమో అని అనుమానించాలి. ఎక్కువ వస్తే ఇనుము కొరత అయ్యే అవకాశం ఎక్కువ. ఉదాహరణకు ఎంసీవీ 65, ఆర్‌బీసీ 5.4 ఉంటే 12 వస్తుంది. అదే ఎంసీవీ 72, ఆర్‌బీసీ 3.6 ఉంటే 20 వస్తుంది. ఇది అనుమానం కోసమే, తీర్పు కోసం కాదు. ఏడో తరగతి చదివిన పిల్ల చేయగల లెక్క ఇది. అయినా మేము చూసిన కాగితాల్లో హిమోగ్లోబిన్ అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది తప్ప మిగతా అంకెల జోలికి పోయిన గుర్తు కనపడదు.

ఇంకా చవకైన పరీక్ష ఒకటుంది. నెస్ట్రాఫ్ట్ అంటారు. పలచటి ఉప్పునీళ్ళున్న గాజు గొట్టంలో రక్తం చుక్క వేసి కాసేపాగి, గొట్టం వెనక నల్ల గీత పెట్టి చూస్తారు. గీత స్పష్టంగా కనిపిస్తే సరే. మసకబారితే వాహకులేమో అని అనుమానం. కరెంటు కూడా అక్కర్లేదు. సికిల్ సెల్‌కు సాల్యుబిలిటీ పరీక్ష అని ఇలాంటిదే వేరే ఉంది. సికిల్ వాహకుల సీబీపీ ఏ తేడా లేకుండా కూడా ఉండొచ్చు కాబట్టి దాన్ని విడిగా చేయాల్సిందే. వీటిలో అనుమానం తేలినవాళ్ళకు మాత్రమే హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంతో నిర్ధారణ చేస్తారు. ఆ యంత్రం పెద్ద ఆసుపత్రిలో ఉంటే చాలు. రక్తం నమూనా అక్కడికి పోవాలి కానీ నిండు చూలాలు బస్సెక్కి పోవాల్సిన పని లేదు.

ఇక్కడ కార్యకర్తలు ఒక జాగ్రత్త పాటించాలి. ఇది చదివి ఎవరూ మాత్రలు ఆపేయమని చెప్పవద్దు. వాహకురాలైన స్త్రీకి ఇనుము కొరత కూడా ఉండొచ్చు, మన కూలి కుటుంబాల్లో తరచుగా ఉంటుంది కూడా. అప్పుడు రెండూ కలిసి రక్తాన్ని ఇంకా దించుతాయి, ఆమెకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కావాల్సిందే. ఇంకో మెలిక ఏమిటంటే, ఇనుము బాగా తక్కువగా ఉంటే తలసీమియా నిర్ధారణ అంకె కూడా దిగిపోయి జబ్బు దాక్కుంటుంది. రెండు పరీక్షలూ కలిపి చేయాలని మేము పట్టుబట్టేది అందుకే. అనుమానం తేలనప్పుడు గర్భిణి విషయంలో నెలల తరబడి ఆగకూడదు, వెంటనే భర్త రక్తం పరీక్షించాలి. ఆయన వాహకుడు కాకపోతే బిడ్డకు పూర్తి జబ్బు వస్తుందన్న భయం లేదు.

అసలు సమస్య కాలంతో వస్తుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. మంచిదే. కానీ ఆ కార్యక్రమం నాలుగో నెల నుంచి ఉన్నవాళ్ళ కోసం. వంశపారంపర్య జబ్బు సంగతి తేలాల్సింది మొదటి మూడు నెలల్లో. ఇద్దరూ వాహకులని తేలితే గర్భంలోని బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడటానికి 10-12 వారాలప్పుడు ఒక పరీక్ష, 16 వారాల తర్వాత ఉమ్మనీటితో ఇంకో పరీక్ష ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో ఈ జన్యు పరీక్షలు చేస్తారు. 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం కూడా ఈ జబ్బుల కోసం చేసే పరీక్షను అనుమతించింది. గర్భస్రావం చట్టానికి 2021లో చేసిన సవరణ కొన్ని తరగతుల స్త్రీలకు గడువును 24 వారాల దాకా పెంచింది. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని వైద్య మండలి తేలిస్తే ఆ తర్వాత కూడా వీలుంది. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయం. అత్తది కాదు, డాక్టరుది కాదు, మాదీ కాదు. కానీ నిర్ణయించుకోవాలంటే ముందు ఆమెకు తెలియాలి కదా. ఏడో నెలలో తెలిసి ఆమె చేయగలిగేది ఏముంది?

కూలి కుటుంబానికి ఈ గడువు అందుకోవడం ఎంత కష్టమో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకు తట్టదు. మూడో నెల దాకా గర్భం సంగతి బయటపెట్టనివాళ్ళున్నారు, పనిలోకి పిలవరన్న భయంతో. కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ గుడిసెలేసుకునే వలస కూలీల పేర్లు ఏ ఊరి రిజిస్టర్లోనూ సరిగా ఉండవు. రక్తం ఇక్కడ ఇస్తే రిపోర్టు వచ్చేసరికి వాళ్ళు సొంతూరికి పోయి ఉంటారు. భర్తను రమ్మంటే ఒక రోజు కూలి పోతుంది. ఇద్దరూ హైదరాబాద్ పోవాలంటే చార్జీలతోపాటు రెండు మూడు రోజుల పని పోతుంది. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6 వేల రూపాయలకు తగ్గకుండా సాయం ఇవ్వాలని చెప్పింది. 2017లో తెచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకు దాన్ని 5 వేలు చేసి, అదీ వాయిదాల్లో ఇచ్చింది. ఉచిత పరీక్ష అంటే రక్తం తీసే సూది ఖర్చు ఒక్కటే కాదని పాలకులు గుర్తించాలి.

ఇవి చేయలేని పనులా? మధ్యధరా సముద్రంలో సైప్రస్ అనే చిన్న ద్వీపం ఉంది. 1970ల్లో అక్కడ తలసీమియా పిల్లలు ఎక్కువై, వాళ్ళ రక్తం ఖర్చుకే దేశం తట్టుకోలేని స్థితి వచ్చింది. జనానికి చెప్పి, పరీక్షలు చేసి కొన్నేళ్ళలోనే కొత్త కేసులను దాదాపు లేకుండా చేశారు. అమెరికా ఆంక్షల మధ్య నలిగిన క్యూబా 1980ల మొదట్లోనే గర్భిణులకు సికిల్ పరీక్షను దేశవ్యాప్తంగా ఉచితంగా మొదలుపెట్టింది. అంత దూరం ఎందుకు? మహబూబ్‌నగర్ జిల్లాలో, మనలాగే వలసలకు పేరుపడ్డ చోట, హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ప్రభుత్వంతో కలిసి గర్భిణులకు ఈ పరీక్షలు చేసింది. ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుంటే జరిగిన పని ప్రభుత్వం పూనుకుంటే జరగదా?

ఢిల్లీ పాలకులు కాగితాలకు తక్కువ చేయలేదు. గర్భిణికి తొలి చూపులోనే ఈ పరీక్షలు చేయాలని 2016లో మార్గదర్శకాలు విడుదల చేశారు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించి, మూడేళ్ళలో 7 కోట్ల మందికి పరీక్ష, 2047కల్లా జబ్బు నిర్మూలన అన్నారు. 17 రాష్ట్రాల్లో మనదీ ఉంది. దాని దృష్టి గిరిజనులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల మీద. ఏజెన్సీ గిరిజనులకు ముందుగా అందాల్సిందే, అందులో వాదన లేదు. కానీ మైదానంలో ఉన్న సుగాలీ తండా, ఎరుకల గుడిసెలు, యానాదుల కాలనీ, నల్లమల అంచున ఉన్న చెంచుగూడెం సంగతేమిటి? పైగా ఆ మిషన్ సికిల్ సెల్ కోసం. తలసీమియా ఏ ఒక్క కులానిదీ, తెగదీ కాదు. మాల మాదిగ వాడలోనైనా, రైతుల బజారులోనైనా ఉండొచ్చు.

రేషన్ బియ్యం సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2022 నుంచి దశలవారీగా రేషన్‌లో ఐరన్ కలిపిన బలవర్ధక బియ్యం ఇచ్చారు. తలసీమియా ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తినాలి, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు తినకూడదు అని సంచి మీద హెచ్చరిక ఉండాలని 2018 నిబంధనలు చెప్పాయి. మనం సంచి కొనుక్కుంటామా? తూకం వేసి గోతంలో పోసే బియ్యానికి హెచ్చరిక ఎక్కడుంటుంది? పోనీ ఉందే అనుకుందాం, తనకు జబ్బు ఉందో లేదో తెలియని మనిషికి అది ఎందుకు పనికొస్తుంది? దీని మీద కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నిపుణుల కమిటీ వేసి, ఆ బియ్యంలోని ఇనుముతో వాళ్ళకు ప్రమాదం లేదని తేల్చామని చెప్పి 2024లో ఆ హెచ్చరికనే ఎత్తేశారు. ఆ శాస్త్ర వాదన మంచి చెడ్డలు నిపుణులు తేల్చుకుంటారు. పళ్ళెంలో ఇనుము కలపడానికి అంత ఆత్రపడిన ప్రభుత్వం, ఆ పళ్ళెం ముందు కూర్చున్న మనిషి రక్తం పరీక్షించడానికి ఎందుకు ఆత్రపడలేదని మాత్రమే మేము అడుగుతున్నాం.

ఊళ్ళో మనం చేయాల్సిన పని ఇంకోటి ఉంది, అది ఆసుపత్రి మీద నెట్టేది కాదు. పరీక్షలో వాహకురాలని తేలిన కోడల్ని "చెడ్డ రక్తం" అని పుట్టింటికి పంపిన ఉదంతం మా దాకా వచ్చింది. తీరా చూస్తే కొడుకు రక్తంలోనూ అదే ఉంది. మేనరికాల వల్ల ఒకే లక్షణం ఉన్న ఇద్దరు జతపడే అవకాశం పెరుగుతుందనేది నిజమే. అయితే మేనరికం లేని జంటల్లోనూ ఈ జబ్బు వస్తోంది, కాబట్టి పెళ్ళయిపోయినవాళ్ళను నిందించి ప్రయోజనం లేదు. ఏటా కార్తీకంలో వీరుల తిరునాళ్ళకు కులం చూడకుండా ఒకే చాప మీద కూడు తిన్నామని చెప్పుకునే కారంపూడిలో, ఒక ఆడపిల్ల రక్తం రిపోర్టును పట్టుకుని పంక్తి నుంచి లేపేస్తామా? రిపోర్టు రహస్యంగా ఉంచాలని ఆశా వర్కర్లకూ, మన కార్యకర్తలకూ కూడా గట్టిగా చెప్పాలి.

ఇక ఇప్పటికే జబ్బుతో ఉన్న పిల్లలు. తలసీమియా బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తీసేసే మందులు రోజూ వాడాలి. తల్లికి ఇనుము చాలక మాత్రలు, బిడ్డకు ఇనుము ఎక్కువై మాత్రలు, ఒకే గుడిసెలో! 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియాలను వైకల్యాలుగా గుర్తించింది. మన రాష్ట్రంలో ఈ రోగులకు 2020లో నెలకు 10 వేల రూపాయల పెన్షన్ మంజూరైంది. మూలుగ మార్పిడికి కోల్ ఇండియా నిధులతో 2017లో 10 లక్షల దాకా సాయమిచ్చే పథకం మొదలైంది. మేము పైన చెప్పిన చెల్లెలికి వీటిలో ఒక్కటీ బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగితే నాలుగోసారి మేము వెంట వెళ్ళాం, పని అయింది. మిగతా ఊళ్ళల్లో ఎవరున్నారో వెతికి, పేర్లు మండల కమిటీకి ఇవ్వండి.

వచ్చే 9వ తేదీన గర్భిణులతోపాటు మన కార్యకర్తలూ ఆసుపత్రికి వెళ్తారు. గొడవకు కాదు, వినతిపత్రంతో. గర్భం నమోదైన రోజే, మూడో నెల దాటకముందే, వేలి చుక్కతో సరిపెట్టకుండా సీబీపీ, సికిల్ పరీక్ష చేయాలి. నెల రోజులు మాత్రలు సక్రమంగా మింగినా రక్తం ఎక్కనివాళ్ళను తిట్టకుండా ముందు పరీక్షకు పంపాలి. నమూనా జిల్లా కేంద్రం నరసరావుపేటకు గానీ గుంటూరుకు గానీ ఆసుపత్రి వాహనంలోనే పోవాలి, రిపోర్టు వారంలో రావాలి. భర్తకు పరీక్ష సాయంత్రం పూట ఊళ్ళోనే జరగాలి. పై పరీక్షకు పోయే జంటకు చార్జీలు, పోయిన రోజుల కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. వలస కూలీలకు రిపోర్టు వాళ్ళ సొంతూరి ఏఎన్ఎంకు చేరాలి. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ఊరి గోడ మీద రాయాలి. ఈ లోపల మీ ఇంట్లో పాత సీబీపీ కాగితాలుంటే పారేయకుండా శాఖా సమావేశానికి తీసుకురండి. ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించి చూద్దాం. 13 లోపు వచ్చినవాళ్ళ కాగితాలను విడిగా కట్టి డాక్టరు గారి ముందు పెడదాం.